తెరమీది పాఠములు – అంధ విద్యార్థులు

వనపర్తి సంస్థానప్రభువులు నివసించిన రాజప్రాసాదమున నేడు పాలిటెక్నిక్ విద్యాలయము నెలకొనియున్నది. దర్బారులు తీరిన మందిరములలో కర్షకుల బిడ్డలు యంత్రశాస్త్రము నభ్యసించుచున్నారు. ఆ వంశమునకు చెందిన రాజా జె. రామేశ్వరరావుగారు ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణసంస్థకు అధిపతులై, హైదరాబాదు నుండి దేశమునందలి విద్యాలయములకు గ్రంథములను పంపిన సంగతి పాఠకులెరిగినదే. 2016లో వనపర్తి ప్రత్యేక జిల్లాయైనది. 2022లో వైద్యకళాశాల తెరువబడినది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాలయు వచ్చినది. విద్యకై ఇంతగా పాటుపడిన పట్టణమువారి యెదుట ఒక విద్యావిషయమును నిర్మొగమాటముగ ప్రస్తావించుటకు సంకోచింప నక్కరలేదు. ఈ విద్యాలయముల పాఠములు నేడు తెరమీదికెక్కుచున్నవి. ఆ తెరను కన్నులతో చూడజాలని విద్యార్థి గతి యేమి?

2020 సెప్టెంబరు 1వ తేదీన మహమ్మారి కాలమున తెలంగాణ ప్రభుత్వము టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారములను బాలబాలికలకు పాఠములు ప్రారంభించెను. అంతకు పూర్వమే, 2017లో, కేంద్రప్రభుత్వమువారి స్వయం, దీక్షా వేదికలు వెలసినవి. నాడు తప్పనిసరియై వచ్చిన పద్ధతి మహమ్మారి పోయిన పిమ్మటను పోలేదు. ఉపన్యాసము వీడియోగ వచ్చుచున్నది, నోట్సు పీడీఎఫ్‌గ వచ్చుచున్నది, ప్రశ్నపత్రము మొబైల్‌లో తెరుచుకొనుచున్నది, హాజరుసైతము తెరమీదనే. దీనివలన మేలు కలుగలేదని యెవ్వరు ననజాలరు. అందరికంటె నెక్కువ మేలు పొందవలసినవాడు అంధ విద్యార్థియే. పెబ్బేరు, ఆత్మకూరు, గోపాలపేట గ్రామముల నుండి హైదరాబాదునకు సుమారు 150 కిలోమీటర్లు ఒంటరిగ పోయి, వసతిగృహమున చోటు వెదకుకొని, తెలియని వీధులలో చేతికర్రతో నడచుట యెంతటి ప్రయాసయో ఊహింపవచ్చును. పాఠము ఇంటికి వచ్చినచో ఆ ప్రయాస సగము తీరును. కాని ఇంటికి వచ్చిన పాఠము అతనితో మాటాడకున్నది.

మాటాడుట యనగా అలంకారోక్తి కాదు. స్క్రీన్ రీడర్ అను ప్రోగ్రాము కలదు. తెరపైనున్న అక్షరములను గ్రహించి, స్వరముగ మార్చి, చెవికి వినిపించుట దాని పని. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అను పేర అది ముందుగనే యుండును. వేరుగ కొనవలసిన పని లేదు. కంప్యూటరునకు ఎన్‌వీడీఏ అనునది కలదు. ఆస్ట్రేలియా దేశీయుడగు మైఖేల్ కరన్ అను అంధ యువకుడు 2006లో దానిని ప్రారంభించెను. జేమ్స్ టే అను మరియొక అంధ మిత్రుడు తోడుపడెను. అంతకు మునుపున్న జాస్ అను ప్రోగ్రాము వెల పేదలకు అందరానిది. ఈ మిత్రులు తమ ప్రోగ్రామును లోకమునకు ఉచితముగ నిచ్చిరి. అందు ఈస్పీక్ అను స్వరయంత్రము కలదు. అది తెలుగును పలుకగలదు. స్వరము కర్కశమే, మన వారి ఉచ్చారణ దానికి పట్టుబడలేదు. ఐనను అలవాటుపడిన చెవికి ఆ స్వరము చాలును. మనము కంటితో చదువు వేగమును మించి వినగల అంధులు కలరు.

ఇక్కడ ఒక సూక్ష్మము గమనింపవలయును. స్క్రీన్ రీడర్ తెరను మనవలె చూడదు. తెర వెనుక అక్షరములుగ నమోదైయున్నదానినే చదువును. మన కంటికి అచ్చముగ తెలుగు పుటవలె కనబడునది, వెనుక కేవలము ఛాయాచిత్రమైనచో దానికి శూన్యమే. అధ్యాపకుడు ముద్రితగ్రంథమును ఫోనుతో పుటవెంట పుట ఫోటో తీసి, పీడీఎఫ్‌గ చుట్టి, విద్యార్థుల వాట్సాప్ గుంపునకు పంపును. నలువదిమంది దానిని చదువుకొందురు. నలువదియొకటవవానికి యంత్రము చెప్పునది ఒక్కటే: ఖాళీ పుట. అధ్యాపకునకు దురుద్దేశము లేదు, తాను తలుపు మూసితినని అతనికి తెలియనే తెలియదు.

ఇట్టి చిక్కులు అనేకము. బటనుపై బాణపు గుర్తు వేసి దానికి పేరు పెట్టకున్నచో, యంత్రము బటన్, బటన్, బటన్ అని మూడుమారులు పలికి ఊరకుండును. ఏది పాఠమును తెరుచునో, ఏది మూయునో వినువాడెట్లు గ్రహించును? పాఠములో శీర్షికలను శీర్షికలుగ గుర్తింపక, కేవలము లావు అక్షరములుగ నుంచినచో, చూపుగలవాడు ఒక్క క్షణములో నాలుగవ ప్రకరణమునకు పోవును, చూపులేనివాడు మొదటినుండి అంతయు వినవలయును. గణితసూత్రమును బొమ్మగ అతికించినచో భిన్నము, ఘాతము, వర్గమూలము అన్నియు అదృశ్యములగును. అదే సూత్రమును గణితలిపిలో, మ్యాథ్ఎమ్ఎల్ అను పద్ధతిని వ్రాసినచో యంత్రము లవమును, హారమును విడివిడిగ చదివి చెప్పగలదు. పరీక్షలో సరియైన జవాబును మౌసుతో లాగి గడిలో వేయుమందురు. మౌసు చూపుగలవాని సాధనము, అంధుడు కీబోర్డుతోనే సంచరించును. లోనికి పోవుటకు ముందు వంకరటింకర అక్షరముల బొమ్మను చూపి, నీవు మనుష్యుడవని నిరూపించుకొమ్మని యడుగు పద్ధతిని గూర్చి వేరుగ చెప్పనేల?

వీడియో పాఠములందు వేరొక దోషము కలదు. ఉపన్యాసకుడు బల్లముందు నిలిచి, ఇదిగో దీనిని ఇక్కడినుండి ఇక్కడికి తెచ్చినచో ఇది వచ్చును, అని చెప్పుచు పోవును. ఇది యేమి, ఇక్కడ యెక్కడ? వ్రాయుచున్నదానిని నోటితో చెప్పుచు వ్రాయుటకు ఖర్చు లేదు. పూర్వపు వీధిబడి పంతుళ్లకు ఈ విద్య సహజముగనే వచ్చియుండెను. వారి చదువు చెవిగుండనే సాగెను.

మన భాషకు మాత్రమే పట్టిన పీడ యొకటి కలదు, దానిని కొంత విపులముగ చెప్పవలసియున్నది. కంప్యూటరుపై తెలుగు అచ్చుపని మొదలైన నాట, ముద్రాలయములవారు తమ తమ ఫాంటులను తామే కల్పించుకొనిరి. అను ఫాంటులు వానిలో బహుళప్రచారము పొందినవి. ఆ పద్ధతిలో తెరమీద మనకు క కారము కనబడును గాని, వెనుక నమోదైనది క కారము కాదు. ఏదో రోమన్ అక్షరమో, చిహ్నమో. దానిపై తెలుగు రూపము తొడుగబడినది. కాగితముపై అచ్చొత్తుటకు ఇది చాలును. కన్నులున్నవానికి భేదమే తెలియదు. స్క్రీన్ రీడర్ మాత్రము తొడుగును చూడక లోపలిదానిని చదువును గనుక, పోతన పద్యమైనను, రసాయనశాస్త్రమైనను దాని నోట అర్థములేని ఇంగ్లీషు గొణుగుడుగ వెలువడును. యూనికోడ్ అను సర్వభాషాసంకేతములో తెలుగునకు 1991 నుండియే స్థానము కలదు. అందు క కారము ఏ యంత్రమున నైనను, ఏ దేశమున నైనను క కారమే. ముప్పది సంవత్సరములు దాటినను, నోట్సులు, గైడులు, పోటీపరీక్షల పుస్తకములు ఇంకను పాతఫాంటులలోనే కూర్చబడి, అట్లే పీడీఎఫ్‌లై ఊరూర తిరుగుచున్నవి. అచ్చునకు ఒక ప్రతి పాతపద్ధతిని తీసికొనినను, విద్యార్థికి యూనికోడ్‌లో వేరొక ప్రతి ఇచ్చుటకు అడ్డేమి? మార్చు ప్రోగ్రాములు కలవు. మార్చిన పిమ్మట ఒత్తులను, గుణింతములను ఒకమారు సరిచూచుకొనవలయును, అంతే.

ఈ సీమవారికి ఇట్టి మాట కొత్తది కాదు. నిజాం రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూ ద్వారముననే నడచెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష అదియే. బడి కలదు, పాఠము కలదు, కాని పిల్లవానికి తెలియని భాషలో కలదు. దానికి ప్రతిగ మన పెద్దలు గ్రంథాలయములు స్థాపించిరి, సభలు జరిపిరి, పత్రికలు నడపిరి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ ప్రాంతమువారే. 1952లో వనపర్తి వోటర్లు వారిని హైదరాబాదు శాసనసభకు ఎన్నుకొనిరి. విద్యాలయమున్నంత మాత్రమున విద్య లభించినట్లు కాదనియు, అర్థమగు రూపమున అందవలయుననియు ఆ తరము చేసిన వాదమే నేడు అంధ విద్యార్థి చేయుచున్నాడు. అతని వాదము ఇంకను సులభమైనది. వేరుభాష కావలెనని అతడు కోరుట లేదు. తన తెలుగే అక్షరరూపమున నుండవలెనని కోరుచున్నాడు.

చట్టము అతని పక్షముననే యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చినది. దాని 42వ సెక్షను ప్రకారము ముద్రిత, శ్రవ్య, ఎలక్ట్రానిక్ సమాచారమంతయు అందరికిని అందు రూపమున నుండునట్లు ప్రభుత్వములు చూడవలయును. 32వ సెక్షను ప్రభుత్వ విద్యాలయములందును, ప్రభుత్వసహాయము పొందు విద్యాలయములందును నూటికి ఐదుకు తక్కువ కాకుండ సీట్లను వికలాంగులకు నిర్ణయించినది. విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము 2022లో ఉన్నతవిద్యాసంస్థలకు ఈ విషయమై మార్గదర్శకములు వెలువరించినది. ఇన్ని యుండియు, దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెతగ వ్యవహారము నడచినది. సీటు నిచ్చుచున్నారు, పాఠము నిచ్చుట లేదు. దీనికి చట్టము క్రింద వ్రాయబడిన నియమములే కొంత కారణము. వానిలో విధించుటకంటె సలహా చెప్పుట యెక్కువగ నుండెను. 2024 నవంబరు 8వ తేదీన సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి వ్యాజ్యమున ఈ లోపమునే ఎత్తిచూపి, 15వ నియమములోని మొదటి భాగము మూలచట్టమునకు విరుద్ధమని తీర్మానించి, తప్పనిసరిగ పాటింపవలసిన ప్రమాణములను వేరుపరచి నిర్ణయింపుమని కేంద్రప్రభుత్వము నాదేశించెను. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను సిద్ధపరచినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమువారి వికలాంగ అధ్యయన కేంద్రము. మరల 2025 ఏప్రిల్ 30న అదే న్యాయస్థానము డిజిటల్ సేవలను అందుకొను హక్కు రాజ్యాంగముయొక్క 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమేయని చెప్పెను.

తీర్పుల మాట అటుండనిండు. మన తెలుగునాట ఒక కుర్రవాని చరిత్రయే ఈ విషయమున చాలినంత సాక్ష్యము. మచిలీపట్నము సమీపమున జన్మాంధుడుగ పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదవతరగతి ముగించి, సైన్సు చదువుదునన్నప్పుడు చూపులేనివానికి సైన్సు తగదని అధికారులు నిరాకరించిరి. అతడు న్యాయస్థానమునకు పోయి అనుమతి సాధించెను. పాఠ్యగ్రంథములను శ్రవ్యరూపమునకు మార్పించుకొని చదివి, 12వ తరగతిలో నూటికి 98 మార్కులు తెచ్చుకొనెను. మన దేశపు ఐఐటీ శిక్షణాలయములు తలుపు తీయకున్నను, అమెరికాలోని ఎం.ఐ.టి. అతనిని చేర్చుకొనెను. తిరిగివచ్చి 2012లో బొల్లాంట్ పరిశ్రమలను స్థాపించెను. 2024లో అతని కథ హిందీ చలనచిత్రముగ వచ్చినది. మనవారును చూచి కన్నీరు పెట్టుకొనిరి. ఆ కన్నీటిపై మాకు కొంత అసహనము కలదు. అంతటి మొండిపట్టు లక్షకు ఒకనికి గాని యుండదు. మామూలు తెలివి, మామూలు ఓపికగల అంధ బాలునకు మామూలు డిప్లొమా ఒకటి దొరకవలయునా, వద్దా? చూపుగల బాలురందరు వీరులై కోర్టుకెక్కియే చదువుకొనుట లేదుగదా.

ఇట్టివారెందరుందురు, ఇంతమాత్రమునకు ఇంత శ్రమయా, అని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. 2011 జనాభా లెక్కలలో చూపు లోపముగలవారు దేశమున సుమారు 50 లక్షల 32 వేలమంది. ఒక కళాశాలలో ఒక్కరో యిద్దరో కనబడుదురనుట నిజమే. కాని తలుపు మూసియుంచి, లోపల ఎవ్వరును లేరుగదా యనుట న్యాయమైన లెక్క కాదు. మరియు చూపు తగ్గుట పుట్టుకతోనే రావలసిన పని లేదు. భూముల వ్యవహారమంతయు 2020లో ధరణియని, 2025లో భూభారతియని తెరమీదికి వచ్చినది. శుక్లములు పట్టిన కంటితో తన సర్వేనంబరును వెదకుకొను పట్టాదారు ఈ జిల్లాలో లేడా? అక్షరములు అక్షరములుగ నున్నచోట అతడు వానిని పెద్దవి చేసికొనవచ్చును, వినవచ్చును. బొమ్మలుగ నున్నచోట మనుమని బ్రతిమాలుకొనవలయును.

రికార్డు చేసిన ఆడియో పుస్తకములిచ్చిన చాలదాయని మరియొక ప్రశ్న. చాలదు. ఆడియోలో పదముయొక్క వర్ణక్రమము తెలియదు. కావలసిన పేరా వెదకుటకు వీలు లేదు. పట్టికలో మూడవ గడి రెండవ వరుసను మాత్రము వినుటకు వీలు లేదు. పాఠము అక్షరరూపమున నున్నచో దానినుండియే స్వరమును, పెద్ద అక్షరములును, బ్రెయిలియు మూడును వచ్చును. భారతీయ భాషలన్నిటికి ఉమ్మడియగు భారతీ బ్రెయిలి 1951లో ఏర్పడినది. నేడు కంప్యూటరునకు తగిలించు బ్రెయిలి పలకలు కలవు. అవియు అదే అక్షరములను చదివి వ్రేళ్ల క్రింద చుక్కలుగ లేపును. మూలము చెడినచో మూడును చెడినట్లే. ఇక కృత్రిమమేధ బొమ్మలను వర్ణించుచున్నదిగదా, అంతయు అదే చూచుకొనును, అని నిశ్చింతగ నుండువారికి ఒక్కటే మనవి. అది సహాయకారియే. కాని విద్యుద్వలయపు పటమునందు తీగ ఎక్కడనుండి ఎక్కడికి పోవునో అది తప్పుగ చెప్పినయెడల, వినువాడు ఆ తప్పును పట్టుకొనజాలడు. పటమును గీచిన అధ్యాపకుడు రెండు వాక్యములలో వర్ణించి వ్రాయుట నమ్మదగిన పని.

ఖర్చునుగూర్చి భయపడువారు అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయము వృత్తాంతము చెప్పుదురు. అచ్చట ఉచితముగ నుంచిన వీడియో పాఠములు బధిరులకు, అంధులకు అందుబాటులో లేవని 2016లో ప్రభుత్వ న్యాయశాఖ తప్పుపట్టగా, 2017లో ఆ విశ్వవిద్యాలయము ఇరువదివేల వీడియోలను ప్రజలకు కనబడకుండ తీసివేసినది. కొందరికి లేనిది ఎవ్వరికిని లేకుండ చేయుట సమత్వమనిపించుకొనదు. 2022లో ఆ విశ్వవిద్యాలయమే తన ఆన్‌లైన్ పాఠములను సరిదిద్దుటకు న్యాయశాఖతో ఒడంబడిక చేసికొనవలసి వచ్చెను. వేలకొలది పాఠములు పేరుకొనిన పిమ్మట సరిదిద్దుటకు ధనము కావలయుననుట వాస్తవము. వనపర్తి కళాశాలలకు ఆ బెడద లేదు. వారి పాఠములు ఇప్పుడిప్పుడే తయారగుచున్నవి. మొదటనే సరిగ వ్రాసిన పాఠమునకు అదనపు ఖర్చు బహుస్వల్పము.

ప్రైవేటు కళాశాలల పాలకవర్గములందున్న భూస్వాములకు, వర్తకులకు ఇందు చేయవలసిన పని ప్రత్యేకముగ కలదు. బోధనాసాఫ్టువేరును కంపెనీల నుండి కొనునప్పుడు, కీబోర్డుతోను, స్క్రీన్ రీడరుతోను మొదటినుండి చివరివరకు నడచునని వ్రాతపూర్వకముగ షరతు పెట్టుడు. నడపి చూపిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు. బోరుమోటారు కొనునప్పుడు నీరు పడునో లేదో చూడక డబ్బిచ్చు రైతు లేడు. గ్రంథాలయమున రెండు కంప్యూటరులపై ఎన్‌వీడీఏ నుంచి, చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుట ఒక సాయంకాలపు పని.

పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు పట్టణమున పెక్కుమంది కలరు. వారికిని పని కలదు. 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము ప్రకారము, వికలాంగులకొరకు గ్రంథమును అందుబాటు రూపమునకు మార్చుటకు రచయిత అనుమతి యక్కరలేదు. గ్రంథములకరవు తీర్చుటకు 2013లో కుదిరిన మరకేష్ ఒడంబడికను ప్రపంచమున అందరికంటె ముందు, 2014 జూన్‌లో, ధ్రువీకరించినది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయమను ఆన్‌లైన్ గ్రంథాలయమును తెరచిరి. ముద్రితపుటను అక్షరములుగ మార్చు ప్రోగ్రాములు తెలుగునకును వచ్చినవి గాని, వత్తులయొద్దను, సున్నలయొద్దను అవి ఇంకను తడబడుచున్నవి. ప్రూఫులు దిద్దుట తెలిసిన కన్ను అక్కడ కావలయును. దినమునకు నాలుగు పుటలు దిద్దిన పెద్దలు పదిమంది యున్నచో, ఒక డిప్లొమా సంవత్సరపు తెలుగు నోట్సంతయు ఆరునెలలలో సిద్ధమగును.

ప్రిన్సిపాలుగారలు ప్రభుత్వపు ఉత్తర్వుకొరకు వేచియుండ నవసరము లేదు. కొత్త విద్యాసంవత్సరము తెరువకముందే, ఒక గదిలో కూర్చుండి, కంప్యూటరు తెరను ఆర్పివేసి, మౌసును ప్రక్కకు తీసి, తమ కళాశాల ఆన్‌లైన్ పాఠములలో మొదటిదానిని కీబోర్డుతోను, చెవితోను మాత్రమే తెరచి, అందలి మొదటి ప్రశ్నకు జవాబు పంపుటకు ప్రయత్నింపవలయును. అరగంట పట్టును. ఎక్కడ ఆగిపోయిరో ఆ చోటులను ఒక కాగితముపై వ్రాసికొని, పాఠమును తయారుచేసిన అధ్యాపకునకు ఆనాడే ఇచ్చినచో, సరిదిద్దుటకు జూన్ వరకు వ్యవధి యుండును.